46 జీబీ నాటకం వీడియోలు ఫోన్ నుంచి ట్యాబ్‌కి ఎక్కించాలి, దారి చెప్పండి

కాల్వగట్టు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్నగారు నలభై ఏళ్లకు పైగా పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తున్నారు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మొన్న తిరునాళ్లకి మళ్లీ నాటకం వేశారు. ఆయనకి 74 ఏళ్లు. తెల్లవార్లూ కూర్చుని వాయించే ఓపిక ఇక లేదని, ఇదే ఆఖరని ముందే చెప్పేశారు. అందుకే ముందువరసలో స్టాండు పెట్టి, నా ఫోన్‌లో 4కేలో, అంటే బాగా ఎక్కువ స్పష్టతతో, తీశాను. నాటకం మొత్తం పట్టలేదు గానీ ముఖ్యమైన రంగాలన్నీ వచ్చాయి.

మూడు ఫైళ్లు: 45 నిమిషాలది 15.7 జీబీ, 50 నిమిషాలది 17.5 జీబీ, 38 నిమిషాలది 13.3 జీబీ. మొత్తం 46.5 జీబీ.

నాన్నగారికి ఫోన్ తెర చిన్నదైపోతోంది. ఆయనకో ట్యాబ్ ఉంది, 64 జీబీది, అందులో 41 జీబీ ఖాళీ. మెమరీ కార్డు పెట్టుకునే చోటు కూడా ఉంది. రెండూ ఆండ్రాయిడే, రెండింటికీ టైప్-సీ పోర్టే. ఇంట్లో వైఫై లేదు, ఫోన్‌లో రోజుకి ఒకటిన్నర జీబీ డేటా. వీడియో నాణ్యత ఏమాత్రం తగ్గకూడదు. ఏం చేయమంటారు?

పొద్దుతిరుగుడు | రాత్రి 9:20

వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ తగ్గదు. లేదంటే షేరిట్ వేసుకోండి, క్షణాల్లో వెళ్లిపోతుంది.

ఓరుగల్లు పోరడు | రాత్రి 9:31

పొద్దుతిరుగుడు అన్నా, డాక్యుమెంట్ లెక్క పంపితే క్వాలిటీ తగ్గదు, అది నిజమే. కానీ వాట్సాప్‌ల ఒక్క ఫైలు 2 జీబీ దాటొద్దు. టెలిగ్రామ్ ఫ్రీదాంట్ల కూడ గంతే. ఈయన చిన్న ఫైలే 13 జీబీ ఉంది. షేరిట్, జెండర్ రెండూ 2020 జూన్‌ల మన దేశంల బందు పెట్టిన 59 యాప్‌ల జాబితాల ఉన్నయి. యాడనో వెబ్‌సైట్‌ల దొరికే ఏపీకే ఫైలు, అంటే యాప్ ఎక్కించే ఫైలు, తెచ్చి పెద్దాయన ట్యాబ్‌ల ఎక్కియ్యొద్దు, దాంట్ల ఇంకేం కలిపిన్రో ఎవరికెరుక.

కాల్వగట్టు అన్నా, నెట్ మీద పంపే ముచ్చటే మర్చిపో. రోజుకి 1.5 జీబీ అంటే 46.5 జీబీ ఎక్కనీకె సరిగ్గ 31 రోజులు. మళ్ల ట్యాబ్‌ల దింపుకోనీకె ఇంకో 31. గూగుల్ డ్రైవ్‌ల ఫ్రీగ ఇచ్చేది 15 జీబీ, అది జీమెయిల్, ఫొటోలు అన్నిటికీ కలిపి. నీ రెండో ఫైలు, 17.5 జీబీది, ఒక్కటే దాంట్ల పట్టది.

బ్లూటూత్ అని ఎవరన్న అంటరేమో. సెకనుకి పావు ఎంబీ పోతే ఎక్కువ. 15.7 జీబీకి పదిహేడు గంటలు దాటుతది. నడిమిట్ల ఒక్కసారి తెగితే మళ్ల మొదటి నుంచి.

కోనసీమ కొబ్బరి | రాత్రి 9:44

రెండిటికీ టైప్-సీ ఉన్నప్పుడు ఇంకేంటండీ, రెండు వైపులా సీ ఉండే కేబుల్‌తో ఫోన్నీ ట్యాబ్‌నీ నేరుగా కలిపేయండి. ట్యాబ్‌లో ఫైల్స్ యాప్ తెరిస్తే ఫోన్ పేరు పెన్‌డ్రైవ్‌లాగా కనపడుతుంది. కాపీ, పేస్ట్. నేను మా పాప డాన్సు వీడియోలన్నీ ఇలాగే మారుస్తాను.

కాల్వగట్టు | రాత్రి 10:05

కలిపాను కొబ్బరి గారూ. ఫోన్ నుంచి ట్యాబ్‌కి చార్జింగ్ ఎక్కుతోంది తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

సెల్ డాక్టర్ కర్నూలు | రాత్రి 10:18

నాకు ఇరవై ఏండ్లుగా సెల్ రిపేర్ షాపు ఉంది. ఈ సమస్యతో వారానికి ఇద్దరు ముగ్గురు వస్తారు. రెండు చోట్ల చూడాల.

ఒకటి, కేబుల్. బయట దొరికే వైర్లలో కొన్నిటికి కరెంటు పోయే తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఆ వైరుతో ఫోన్ని కంప్యూటర్‌కి తగిలించి చూడండి. అక్కడా ఫైళ్లు రాకపోతే వైరు మార్చాల్సిందే.

రెండు, ఎవరు ఎవరి మాట వినాల అనేది. రెండు ఆండ్రాయిడ్లు కలిపినప్పుడు ఒకటి పెద్దరికం తీసుకోవాల, రెండోది దాని చేతికింద ఉండాల. మీ ఫోన్ ట్యాబ్‌కి చార్జింగ్ ఇస్తాంది అంటే పెద్దరికం ఫోన్ తీసుకుండాది. ఫోన్‌లో పైనుంచి నోటిఫికేషన్లు దించండి. యూఎస్‌బీ అని ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కితే కంట్రోల్ ఎవరిది అని అడుగుతుంది. కనెక్ట్ అయిన డివైస్ అని పెట్టి, దాని కింద ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. అప్పుడు ట్యాబ్‌లో ఫోన్ కనపడుతుంది. ఫోన్ లాకు తీసే ఉంచాల, లాకు పడితే లోపల ఏమీ చూపించదు.

కాల్వగట్టు | రాత్రి 10:41

డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే పెట్టాను, ఫోన్ కనపడింది! చాలా థాంక్సండీ. ఇంట్లో పాత ఫోన్‌ది 32 జీబీ మెమరీ కార్డు ఉంటే ట్యాబ్‌లో వేసి మొదటి ఫైలు అందులోకి కాపీ కొట్టాను. కాసేపు నడిచి, ఫైలు చాలా పెద్దదని చెప్పి ఆగిపోయింది. కార్డు మొత్తం ఖాళీగానే ఉంది. 32లో 15.7 పట్టకపోవడమేంటి?

మంగళగిరి మెమరీ | రాత్రి 10:56

ఖాళీ ఎంతుందన్నది కాదండీ, ఆ కార్డు ఫైళ్లని రాసుకునే పద్ధతితోనే చిక్కు. 4 నుంచి 32 జీబీ వరకూ ఉండే కార్డులు మామూలుగా ఫ్యాట్32 అనే పద్ధతిలో వస్తాయి. అందులో ఒక్కో ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్లే కేటాయించారు. అందులో పట్టే అతిపెద్ద అంకె 4,294,967,295. అంటే ఒక ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ వరకే ఉండొచ్చు. ధాన్యం కొట్టు ఎంత పెద్దదైనా గుమ్మం ఇరుకైతే పెద్ద గోతాం లోపలికి పోదు కదా, ఇదీ అంతే.

32 దాటిన కార్డులు, అంటే 64, 128 జీబీవి, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో వస్తాయి. దాన్ని మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. అందులో ఈ 4 జీబీ అడ్డు లేదు. 128 జీబీ కార్డు ఒకటి కొనండి. కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకి కనీసం 30 ఎంబీ రాస్తుంది, వీ10 అయితే కనీసం 10. వీ10 మీద మీ 46.5 జీబీకి గంటా పావు దాటొచ్చు.

పేరున్న షాపులోనే కొనండి. పైన 128 అని ముద్రించి లోపల 16 మాత్రమే ఉండే నకిలీ కార్డులున్నాయి. కాపీ అయినట్టే చూపిస్తాయి, తర్వాత తెరిస్తే ఏమీ ఉండదు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో కార్డు నిండా రాయించి చూసుకోండి. అది తేల్చాకే వీడియోలు పెట్టండి.

శ్రీకాకుళం ఆడపడుచు | రాత్రి 11:08

అన్నయ్యగారూ, ఇంకెవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. దయచేసి కట్ చేయకండి, కాపీ మాత్రమే చేయండి.

మా అక్క సీమంతం వీడియో నా ఫోన్‌లో ఉండేది. ఫోన్ నిండిపోయిందని కట్ చేసి ట్యాబ్‌లో పేస్ట్ కొట్టాను. మధ్యలో కేబుల్ కదిలింది. ఫోన్‌లో ఫైలు లేదు, ట్యాబ్‌లో ఉన్నది తెరుచుకోలేదు. సీమంతంలో అమ్మ పాడిన మంగళహారతి అందులో ఉంది. ఆ తర్వాత ఏడాదికే అమ్మ పోయింది. రెండు షాపుల్లో చూపించాను, రాలేదన్నారు. మీ నాన్నగారి ఆఖరి నాటకం అని చదివాక ఈ మాట చెప్పకుండా పడుకోలేకపోయాను.

కాల్వగట్టు | రాత్రి 11:15

అమ్మా, చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. మీ మాట తప్పకుండా పాటిస్తాను. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలేదాకా ఫోన్‌లోవి ముట్టుకోను.

మంగళగిరి మెమరీ | రాత్రి 11:27

ఆడపడుచు గారి ఫైలు ఎందుకు తెరుచుకోలేదో చెప్తాను, మిగతావాళ్లకీ పనికొస్తుంది. ఫోన్ తీసే ఎంపీ4 వీడియోలో ఏ బొమ్మ ఎక్కడుంది, ఏ శబ్దం ఎక్కడుంది అనే విషయసూచిక లాంటిది ఒకటుంటుంది. రికార్డింగ్ ఆపాకే ఫోన్ దాన్ని రాస్తుంది, కాబట్టి మామూలుగా అది ఫైలు చివర్న ఉంటుంది. కాపీ తొంభై శాతం దగ్గర తెగినా ఆ చివరి ముక్క రాదు. దాంతో ఉన్న తొంభై శాతం కూడా ప్లేయర్‌కి అర్థం కాదు. అందుకే పెద్ద వీడియో విషయంలో దాదాపు వచ్చేసింది అనే మాట నమ్మకూడదు.

కాల్వగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

పొద్దున్నే వెళ్లి 128 జీబీ వీ30 కార్డు తెచ్చి, పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్‌లో పరీక్ష చేయించాను, అసలుదే. మొదటి ఫైలు కాపీ అయింది, పదిహేను నిమిషాలు పట్టింది. కానీ ఫోన్‌లో 15.7 జీబీ అని చూపిస్తుంటే ట్యాబ్‌లో 14.6 అంటోంది. ఒక జీబీ ఎటు పోయింది? మళ్లీ కాపీ కొట్టినా అదే 14.6.

మంగళగిరి మెమరీ | మధ్యాహ్నం 1:42

ఎటూ పోలేదు, కంగారు పడకండి. కొన్ని ఫోన్లు జీబీ అంటే వందకోట్ల బైట్లని లెక్కేస్తాయి. కొన్ని యాప్‌లు 1024ని మూడుసార్లు హెచ్చవేసి, అంటే 107 కోట్ల చిల్లర బైట్లని ఒక జీబీ అంటాయి. 15.7ని 1.074తో భాగించండి, 14.6 వస్తుంది. కొలిచే కుంచం మారింది, గింజలు అవే.

రెండు చోట్లా ఫైలు వివరాలు తెరిచి బైట్ల అంకె చూడండి. పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది. చివరి అంకె దాకా ఒకటే అయితే మొత్తం వచ్చినట్టు. ఆ తర్వాత వీడియో మొదట్లో, మధ్యలో, ఆఖర్లో తలా ఒక నిమిషం చూడండి.

కాల్వగట్టు | మధ్యాహ్నం 1:58

పదకొండు అంకెలూ కాగితం మీద రాసుకుని సరిచూశాను. ఒకటే!

కాల్వగట్టు | సాయంత్రం 4:20

రెండో ఫైలు రెండుసార్లు సగంలో ఆగింది. మొదటిసారి ఫోన్ కాల్ వచ్చి, చేతిలోకి తీసుకుంటే వైరు కదిలింది. రెండోసారి ట్యాబ్ తెర ఆరిపోయాక ఆగింది. ఫోన్‌లో పోర్టు కొంచెం వదులైనట్టుంది.

ఓరుగల్లు పోరడు | సాయంత్రం 4:33

పోర్టు లూజ్ ఉంటే వైరు ముచ్చట వదిలెయ్యి అన్నా. క్విక్ షేర్ వాడు. ఇంతకుముందు నియర్‌బై షేర్ అనేటోళ్లు, 2024 జనవరిల గూగుల్, సామ్‌సంగ్ రెండూ కలిపి క్విక్ షేర్ అని ఒక్క పేరు పెట్టినయి. ఇంటర్నెట్ అక్కర్లే, ఒక్క ఎంబీ డేటా కూడ పోదు. బ్లూటూత్ ఒకరినొకరు గుర్తువట్టనీకె మాత్రమే, అసలు ఫైలు పోయేది వైఫై మీదనే. ఇంట్ల రూటర్ లేకున్న నడుస్తది, రెండూ వాటిల్లవే నేరుగ మాట్లాడుకుంటయి.

ట్యాబ్‌ల క్విక్ షేర్ తెరిచి, అందరికీ పది నిమిషాలు కనవడేటట్టు పెట్టు. ఫోన్‌ల వీడియో మీద షేర్ కొట్టి ట్యాబ్ పేరు ఎంచుకో. రెండిటినీ పక్కపక్కన పెట్టు. ట్యాబ్ స్క్రీన్ ఆరిపోయే టైము 30 నిమిషాలకి పెంచు, బ్యాటరీ సేవర్ తీసెయ్యి. ఫోన్‌ల డిస్టర్బ్ చెయ్యొద్దు అనే మోడ్ పెట్టు.

ఇంకోటి, క్విక్ షేర్‌ల వచ్చింది ట్యాబ్ లోపలి మెమరీల డౌన్‌లోడ్స్‌ల వడ్తది, కార్డుల కాదు. నీకు 41 జీబీ ఖాళీ ఉంది, ఒక్కో ఫైలే తెచ్చుకొని, కార్డులకి కాపీ చేసి, బైట్లు సరిచూసి, అప్పుడు లోపలిది తీసెయ్యి. మూడూ ఒకేసారి పంపితే పట్టయి.

రెండూ 5 గిగాహెర్ట్జ్ వైఫై పట్టేటివైతే జల్ది అయితది. ట్యాబ్ 2.4 మాత్రమే పడ్తే గంట దాకా ఆగాల్సొస్తది, అంతే తేడా.

డల్లాస్ తెలుగు | సాయంత్రం 5:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇలాంటిదే. మా బాబు మొదటి పుట్టినరోజు వీడియో ఐఫోన్‌లో ఉంది, 9 జీబీ. సంక్రాంతికి గుంటూరు వస్తున్నాను, అమ్మానాన్నలది ఆండ్రాయిడ్ ట్యాబ్. ఇక్కడే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వస్తే అక్కడ చూడగలరా?

మంగళగిరి మెమరీ | సాయంత్రం 5:25

చూడగలరు. మీది ఐఫోన్ 15 గానీ ఆ తర్వాతది గానీ అయితే టైప్-సీ పెన్‌డ్రైవ్ నేరుగా పెట్టొచ్చు. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఉండాలి, 9 జీబీ కాబట్టి ఫ్యాట్32లో పట్టదు. ఫొటోస్‌లో షేర్ నొక్కి, ఎక్స్‌పోర్ట్ అన్‌మాడిఫైడ్ ఒరిజినల్ అన్నది ఎంచుకుంటే మార్పేమీ లేకుండా పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది. ఐఫోన్ మామూలుగా హెచ్ఈవీసీ అనే వీడియో పద్ధతిలో తీస్తుంది. ట్యాబ్ పాతదైతే ఆడకపోవచ్చు, వీఎల్‌సీ అనే ప్లేయర్ వేసి చూడండి. పెన్‌డ్రైవ్ చేతి సంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వేయకండి.

కాల్వగట్టు | ఆదివారం, రాత్రి 8:50

మూడూ వచ్చేశాయి! క్విక్ షేర్‌లో రెండో ఫైలుకి ఇరవై నిమిషాలు పట్టింది. బైట్లు మూడింటివీ సరిపోయాయి. ఓరుగల్లు తమ్ముడూ, నీకు మా ఇంటిల్లిపాదీ రుణపడ్డాం.

కానీ ఒక బాధ. ట్యాబ్‌లో వేస్తే శబ్దం బాగానే వస్తోంది, బొమ్మ మాత్రం ఆగి ఆగి కదులుతోంది. ఫోన్‌లో చక్కగా ఆడుతోంది. నాన్నగారు రెండు నిమిషాలు చూసి, బొమ్మ తాళం తప్పుతోందిరా, ఫోన్‌లోనే చూస్తాలే అని పక్కన పెట్టేశారు.

గుంటూరు ఎడిటింగ్ | రాత్రి 9:15

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. మొదటి నుంచీ ఈ చర్చ చదువుతున్నాను. నా అభిప్రాయం చెప్తున్నాను, కోపగించుకోవద్దు. ఆ 46 జీబీ ట్యాబ్‌లోకి ఎక్కించడమే అనవసరం. మీ ట్యాబ్ తెర అడ్డంగా 1920, నిలువుగా 1200 చుక్కలది అయ్యుంటుంది. 4కే వీడియోకి 3840 బై 2160. మూడున్నర రెట్లకు పైగా చుక్కలు లోపలికి తీసుకుని, విప్పి, మళ్లీ కుదించి చూపించాలి. తక్కువ ధర ట్యాబ్‌లలోని చిప్పు అంత పని చేయలేదు, అందుకే తడబడుతోంది. 1080పీ, అంటే 1920 బై 1080 చుక్కల కాపీ చేసి ఇవ్వండి, ఆ తెర మీద తేడా కనపడదు.

శ్రీకాకుళం ఆడపడుచు | రాత్రి 9:22

కానీ క్వాలిటీ తగ్గకూడదని ఆయన మొదట్లోనే చెప్పారు కదండీ. రేపు పెద్ద టీవీలో చూడాలనుకుంటే?

గుంటూరు ఎడిటింగ్ | రాత్రి 9:40

అసలుది పారేయమని నేను అనలేదమ్మా. అసలుది దాచడం వేరు, చూడటానికి ఇవ్వడం వేరు. అసలు మూడు ఫైళ్లూ కనీసం రెండు చోట్ల ఉండాలి. కొత్త కార్డులో ఒకటి, ఏదైనా హార్డ్‌డిస్క్‌లో ఒకటి. కార్డులు చిన్నవి, పోగొట్టుకోవడం తేలిక, ఉన్నట్టుండి చచ్చిపోతాయి కూడా. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి.

చూడటానికి ల్యాప్‌టాప్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి 1080పీకి మార్చండి. హెచ్.264 అనే వీడియో పద్ధతి ఎంచుకుని, నిమిషానికి 75 ఎంబీ వచ్చేట్టు, అంటే సెకనుకి 10 మెగాబిట్లు పెడితే చాలు. మీ మూడు ఫైళ్లూ దాదాపు 3.4, 3.75, 2.85 జీబీ అవుతాయి. అన్నీ 4 జీబీ లోపే, మీ పాత 32 జీబీ కార్డులోనే పడతాయి.

ఆడియో జోలికి మాత్రం పోవద్దు. ఆడియో దగ్గర పాస్‌త్రూ అని పెట్టండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. పద్యనాటకంలో ప్రాణమంతా ఆ రాగం తీయడంలోనే ఉంది. బిట్‌రేట్, అంటే సెకనుకి కేటాయించే డేటా, బాగా తగ్గించి మార్చితే హార్మోనియం రీడు శబ్దం పలచబడుతుంది. మీ నాన్నగారు బొమ్మలో తేడా పట్టుకోకపోవచ్చు గానీ స్వరంలో తేడా పట్టుకుంటారు.

కోనసీమ కొబ్బరి | రాత్రి 9:51

నేనింకోలా అనుకుంటున్నానండి. మార్చేబదులు కొంచెం మంచి ట్యాబ్ తీసుకుంటే? పెద్దాయనకి ఏడాదంతా పనికొస్తుంది కదా.

గుంటూరు ఎడిటింగ్ | రాత్రి 9:58

డబ్బు ఖర్చవకుండా అయ్యే పనికి కొత్త ట్యాబ్ ఎందుకండీ. ముందు 1080పీ చూడనివ్వండి. ఇంకోమాట, ఈసారి ఎవరైనా ఇంత పొడవు కార్యక్రమం తీస్తుంటే, చూసేది ట్యాబ్‌లోనే అని ముందే తెలిస్తే, 1080పీలోనే తీయండి. ఆఖరి నాటకం కాబట్టి ఈయన 4కేలో తీయడం నూటికి నూరుపాళ్లు సరైన పని.

కాల్వగట్టు | మంగళవారం, రాత్రి 10:30

ఆలస్యమైంది, మన్నించాలి. పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్ పాతది, మూడు ఫైళ్లు మారడానికి సోమవారం రాత్రంతా పట్టింది. ఆడియో పాస్‌త్రూ పెట్టాను. మారినవి పాత 32 జీబీ కార్డులో వేసి ట్యాబ్‌లో పెట్టాను. బొమ్మ ఎక్కడా ఆగలేదు. అసలు ఫైళ్లు కొత్త కార్డులో ఒక కాపీ, మా చెల్లెలి ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ. ఫోన్‌లోవి ఇంకా తీయలేదు.

ఇవాళ సాయంత్రం నాన్నగారు అరుగు మీద ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రెండో భాగంలో మా ఊరి నటుడు ఒక పద్యం ఎత్తుకుని రాగం చాలాసేపు లాగుతాడు. ఆ చోటు మూడుసార్లు వెనక్కి తిప్పించారు. అతను అక్కడ శృతి కొంచెం జారాడట, నాన్నగారు హార్మోనియం మీద ఒక స్వరం గట్టిగా పట్టి మళ్లీ దార్లోకి తెచ్చారట. ఆ రాత్రి నేను పక్కనే నిలబడి ఉన్నా నాకు వినపడలేదు. ఇప్పుడు ఆయన వేలు చూపించి చెప్తే వినపడింది.

గుంటూరు ఎడిటింగ్ గారూ, మీరన్నదే నిజం, ఆడియో ముట్టుకోకపోవడం మంచిదైంది.

శ్రీకాకుళం ఆడపడుచు | రాత్రి 10:42

అన్నయ్యగారూ, ఆయన చెప్తున్నప్పుడు ఆ మాటలు కూడా రికార్డు చేసి పెట్టండి. ఏ పద్యం ఏ రాగంలో, ఎక్కడ ఎవరిని ఎలా పట్టుకున్నారు, అన్నీ. గొంతు మాత్రం చాలు, అవి చిన్న ఫైళ్లే అవుతాయి.

కాల్వగట్టు | రాత్రి 10:55

రేపటి నుంచే మొదలుపెడతానమ్మా. ఈలోగా మా నాటక సమాజంలో మిగతావాళ్లకి కబురు తెలిసి, మాకూ కావాలని ఎనిమిది మంది అడిగారు. ఎవరి ఫోన్ వాళ్లది, ఒకదానితో ఒకటి పోలిక లేదు. టైప్-సీ పెన్‌డ్రైవ్ ఒకటి ఎక్స్‌ఫ్యాట్ చేసి, ఆదివారం రామాలయం దగ్గర అందరికీ ఎక్కించి ఇస్తాను. పాత చిన్న పిన్ను ఫోన్లు రెండున్నాయి, వాటికి పెన్‌డ్రైవ్ తగిలించే ఓటీజీ ముక్క ఎక్కడ దొరుకుతుందో డాక్టర్ గారు చెప్పాలి.

సెల్ డాక్టర్ కర్నూలు | రాత్రి 11:02

ఏ సెల్ షాపులోనైనా దొరుకుతుందన్నా. మైక్రో యూఎస్‌బీ ఓటీజీ అని అడుగు. కొనే ముందు ఆ ఫోన్ తీసుకుపోయి షాపులోనే పెన్‌డ్రైవ్ పెట్టి చూడాల, పాతవాటిలో కొన్ని ఓటీజీ పట్టవు, కొన్ని ఎక్స్‌ఫ్యాట్ చదవవు. చదవకపోతే ఇంకో పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 చేసి 1080పీవి వెయ్యి, అన్నీ 4 జీబీ లోపలే ఉన్నాయి కదా.